సాంకేతికంగా మెరుగుపడే కొద్దీ నా ఫొటోలలో జీవం ఎందుకు తగ్గుతోంది?

ప్రశ్న

నేను ఆర్ట్ ఫొటోగ్రఫీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చేరిన కొత్తలో ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు అందే వెలుతురు, సరిగ్గా కుదిరేది కాదు. ఇప్పుడు వెలుతురు చూడగానే అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర), షట్టర్ వేగం ఎంత పెట్టాలో చేతికే తెలిసిపోతోంది. అయినా గత వారం సమీక్ష తరగతిలో నేను గోడకు పెట్టిన పన్నెండు ప్రింట్లను మా అధ్యాపకురాలు చాలాసేపు చూసి, "అన్నీ బాగున్నాయి, కానీ ఇవి ఎవరైనా తీయగలిగినవే" అన్నారు. మొదటి ఏడాది తీసిన వాటిలో మా అమ్మమ్మ మంచం మీద వదిలిన కళ్లజోడు ఫొటో ఒకటి ఉంది. విరిగిన కాడకు తెల్లదారం చుట్టి ఉంటుంది; ఫోకస్ అద్దాల మీద కాక వెనకనున్న దుప్పటి మడత మీద పడింది. ఇన్ని నేర్చుకున్న తర్వాత కూడా చూసినవాళ్లు ఆగేది ఆ తప్పుల ఫొటో దగ్గరే. నేను ముందుకు వెళుతున్నానా, వెనక్కా?

మొదటి జవాబు

మీరు వెనక్కి వెళ్లడం లేదు. తీయడం నేర్చుకున్నంతగా ఏరడం ఇంకా నేర్చుకోలేదని నాకు అనిపిస్తోంది. ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955, 1956 సంవత్సరాలలో అమెరికా అంతటా తిరిగి 27,000కు పైగా ఫ్రేములు తీశాడు. వాటిలోంచి సుమారు 1,000 ప్రింట్లు వేసుకుని, గోడలకు గుచ్చి, నేల మీద పరిచి, నెలల తరబడి తీసేస్తూ పోతే చివరకు ‘ది అమెరికన్స్’ అనే పుస్తకంలో మిగిలినవి 83. కెమెరా పట్టుకుని తిరిగిన కాలం ఎంత ముఖ్యమో, ప్రింట్ల మధ్య కూర్చున్న ఆ కాలమూ అంతే ముఖ్యమని నా నమ్మకం.

మీరు కూడా ఈ రెండేళ్లలో తీసినవన్నీ, బాగోలేదని పక్కన పెట్టినవాటితో సహా, అరచేతి సైజులో చవగ్గా ప్రింట్ వేయించి నేల మీద పరచండి. తెర మీద ఒక్కొక్కటిగా చూస్తున్నంతసేపూ ప్రతి ఫొటో తనంతట తాను బాగుందా లేదా అన్న ఆలోచనే వస్తుంది. పక్కపక్కన పరిచినప్పుడు మాత్రం, మీకు తెలియకుండానే మీరు పదే పదే దేని దగ్గరికి వెళుతున్నారో కనబడుతుంది. నాకు ఆ సంగతి మూడో ఏడాదిలో, పరీక్షకు పది రోజుల ముందు తెలిసింది. అంత ఆలస్యం మీకు కాకూడదని కోరుకుంటున్నాను.

రెండో జవాబు

పై సలహాతో ఏకీభవిస్తూనే, సాంకేతికతను దోషిగా నిలబెట్టవద్దని కోరుతున్నాను. కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్‌కు మీరు చూపిస్తున్నది తెల్లగోడో నల్లకోటో తెలియదు. రెండింటినీ నడిమి బూడిద రంగుకు తేవాలనే చూస్తుంది. అది చెప్పినట్టే విన్నంతకాలం అందరి ఫొటోలూ ఒకే తీరుగా ఉంటాయి. ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతిలో నలుపు నుంచి తెలుపు దాకా 11 మెట్లున్నాయి. ఏ నీడ ఏ మెట్టు మీద నిలవాలో నిర్ణయించేది ఫొటో తీసేవారే.

వీలుంటే డార్క్‌రూమ్‌లో ఒక నెగటివ్‌కు వెలుతురు పడే సమయాన్ని అయిదేసి సెకన్లు పెంచుతూ టెస్ట్ స్ట్రిప్ (ఒకే కాగితం మీద వరుసగా ముదురయ్యే పట్టీలు) వేసి చూడండి. ఎర్రదీపం కింద డెవలపర్ ట్రేలో ఆ కాగితం మెల్లగా నల్లబడుతుంది. తర్వాత దాన్ని మామూలు వెలుతురులోకి తెచ్చి, "సరైన" పట్టీని వదిలేసి, మీ మనసు ఏ పట్టీ దగ్గర ఆగిందో గుర్తించండి. మీరు నేర్చుకున్న సాంకేతికత మీ చేతికి పనిముట్టుగా మారేది అక్కడే.

మూడో జవాబు

కొత్త విషయాల కోసం దూరం వెళ్లవద్దని మాత్రం చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుడెక్, 1940 నుంచి 1954 వరకు తన స్టూడియో కిటికీనే మళ్లీ మళ్లీ ఫొటో తీశాడు. ఆవిరి పట్టిన అదే అద్దం, బయట అదే చెట్టు. మీ అధ్యాపకురాలిని కూడా మరోసారి కలిసి, ఆ పన్నెండింటిలో ఆమె చూపు ఎక్కువసేపు నిలిచినది ఏదో అడగండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మూడు వందలకు పైగా చిన్న ప్రింట్లు గది నిండా పరిచాను. ఎవరో అప్పుడే వదిలి వెళ్లిన వస్తువులు నలభై దాకా తేలాయి: వెనక్కి జరిపిన కుర్చీ, తలగుంట మిగిలిన దిండు, గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు. వాటిలో ఒక్కటి కూడా నేను సమీక్షకు పెట్టలేదు. మా అధ్యాపకురాలిని అడిగితే, పన్నెండింటిలో ఆమె చూపించింది ఖాళీ మెట్ల ఫొటో. మెట్టు అంచున ఎవరిదో తడిపాదం గుర్తు ఉంది. తీసినప్పుడు అది నా కంటపడనే లేదు. ఆదివారం ఆ మెట్ల దగ్గరికే మళ్లీ వెళుతున్నాను.