తీరిక లేనివాళ్ళకి నెలకో వ్యాసం: ఈసారి ఏది పెడదాం?

గట్టుమీద మేష్టారు:
మన ఊరి లైబ్రరీకి వచ్చే పత్రికల్లోంచి నెలకో మంచి వ్యాసం ఏరి, జెరాక్స్ తీసి టీకొట్టు గోడకి అంటిస్తున్నాం కదా. ఈ నెలకి రెండు మిగిలాయి. ఒకటి ధవళేశ్వరం ఆనకట్ట మీద, 14 పేజీలు: 1847లో పని మొదలై 1852కి ఎలా పూర్తయిందీ, కాలువలు వచ్చాక డెల్టా ఎలా మారిందీ. రెండోది అరటి గెలలకి సంచులు తొడగడం మీద, 2 పేజీలు. పనుల్లో ఉండేవాళ్ళు పది నిమిషాల్లో చదివేయాలి. నా ఓటు అరటికి. మీ మాట చెప్పండి.

బోదెగట్టు:
అరటే. కాటన్ దొర గురించి చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం.

లంకమ్మాయి:
14 పేజీలు ఆ గోడమీద ఎక్కడ పడతాయండీ? సగం గోడ సిమెంటు పోస్టరే.

కొబ్బరిమట్ట:
ఓటు తర్వాత మేష్టారూ. ముందు తెల్లదోమ వ్యాసం సంగతి తేల్చండి. మీరు అంటించింది మొదటి పేజీ ఒక్కటే. అందులో ఏముంది? 2016లో తమిళనాడు పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో కనపడిన సర్పిలాకార తెల్లదోమ, ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుందనీ, దాని జిగురు మీద మసి పట్టి మట్టలు నల్లబడతాయనీ. గుండె దడ పుట్టడానికి అది చాలు. రసాయన మందు కొట్టొద్దన్న ముక్క మూడో పేజీలో ఉంది! నేను చదివింది గోడ. కొట్టు వాడు ఇచ్చిన మందు కొట్టించేశాను, కూలీ ఖర్చు అదనం. తర్వాత మా బావమరిది అసలు పత్రిక తెచ్చి చూపించాడు. దోమ పిల్లల్లో గుడ్డు పెట్టి వాటిని చంపే ఎన్కార్సియా అనే బుల్లి పురుగు ఉంటుందట, మందు కొడితే అదీ చస్తుందట. నాకు ఊరికే పనిచేసి పెట్టేదాన్ని నేనే చంపుకున్నాను.

గట్టుమీద మేష్టారు:
అయ్యా, ఆ రోజు జెరాక్స్ దగ్గర కాగితాలు అయిపోయాయి. "మిగతాది లైబ్రరీలో చదవగలరు" అని కింద ఎర్ర సిరాతో రాశాను కూడా. అయినా అమెరికా పత్రిక రీడర్స్ డైజెస్ట్ 1922 నుంచి చేసింది ఇదేగా? మొదటి సంచికలో 31 వ్యాసాలు, రోజుకొకటి. పెద్దదాన్ని చిన్నది చేసి పెట్టబట్టే అంతమంది చదివారు.

కొబ్బరిమట్ట:
వాళ్ళు మొత్తం చదివి కుదించారండి. మీరు తోక కోశారు.

పూతరేకు:
కాగితాలు మర్నాడు దొరకవా ఏంటి?

బోదెగట్టు:
బాబాయ్, ఒక్క మాట. లెక్క పది నిమిషాలు. నేను గడియారం పెట్టుకుని చదివాను: ఆనకట్ట వ్యాసానికి 38 నిమిషాలు, అరటికి 7. ఇందులో వాదనేముంది? ఇక మీ తెల్లదోమ అంటారా, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం పక్కనే ఉంది. ఒక్క ఫోను కొట్టుంటే వాళ్ళే చెప్పేవారు. టీకొట్టు గోడ చూసి వ్యవసాయం చేస్తారా ఎవరైనా?

కొబ్బరిమట్ట:
మరి ఎందుకు అంటించార్రా అబ్బాయ్, అందం కోసమా? చదవమనే కదా! నీకు ఎన్ని చెట్లున్నాయి అసలు?

లంకమ్మాయి:
మా అమ్మ ఆ 14 పేజీలూ రెండు మధ్యాహ్నాల్లో చదివేసింది. లాకుల దగ్గర పడవలు దాటించే భాగం నాకు పైకి చదివి వినిపించింది కూడా. మీ లెక్కలో ఆవిడకి తీరిక ఉన్నట్టా, లేనట్టా? ఆవిడ ఓటు ఎవరూ అడగలేదు.

గట్టుమీద మేష్టారు:
సరే, నేను నోరు విప్పుతాను. నెలనెలా ఏడు పత్రికలొస్తున్నాయి. కుట్టు పిన్ను కదలకుండా బీరువాలోకి పోతున్నాయి. ఎవరూ గడప తొక్కడం లేదు గనకే గోడకెక్కించాను, జెరాక్స్ డబ్బులు నా పింఛనులోవి. మీకు చదివే తీరిక లేదన్నది నేను పుట్టించిన మాటా?

కౌలురైతు:
పెద్దలు మాట్లాడుకుంటున్నారని ఊరుకున్నానండి. తమరు పదింటికి తీసి ఐదింటికి తాళం వేసేస్తారు. నేను చేలోంచి వచ్చి స్నానం చేసేసరికి ఆరున్నర. అక్కణ్ణుంచి తొమ్మిదింటి దాకా ఖాళీయే. మూడుసార్లు వచ్చి, కిటికీలోంచి పత్రికలు చూసి వెళ్ళిపోయాను. ఏం తీరిక లేదండి నాకు?

కొబ్బరిమట్ట:
ఆయ్, అదీ మాట. నా మంట కూడా అదే. "మిగతాది లైబ్రరీలో" అని చూసి ఆ సాయంత్రమే వెళ్ళాను మేష్టారూ. తాళం. మర్నాడు మందు కొట్టే మనిషి కుదిరిపోయాడు.

బోదెగట్టు:
ఇంతకీ అరటా, ఆనకట్టా?

గట్టుమీద మేష్టారు:
మీరు వెళ్ళినట్టు నాకు తెలీదు. అప్పుడే చెప్పాల్సింది. రాత్రి ఎనిమిదిదాకా కూర్చోడానికి నా కళ్ళు ఒప్పుకోవు. ట్యూబులైటు కూడా కొట్టుకుంటోంది.

కౌలురైతు:
లైటు నేను మారుస్తానండి. తాళంచెవి ఎవరింట్లో తీసుకోమంటారు?