అబ్బా (నాన్న) పోయారు: "నా తర్వాత ఇల్లు అబ్బాయిదే" అన్న మాట చెల్లుతుందా?

ప్రశ్న (గుంటూరు_బిడ్డ):
అస్సలాము అలైకుం. మేం హనఫీలం (సున్నీల్లో ఒక ధర్మశాస్త్ర సంప్రదాయం). అబ్బా పోయి నాలుగు నెలలు. దాదా (తాత) ఎప్పుడో పోయారు. ఇప్పుడున్నది దాదీ (నాయనమ్మ), అమ్మీ (అమ్మ), అన్న, నేను, చెల్లి. ఇల్లు అబ్బా పేరునే ఉంది, ఇవాళ అమ్మితే 41 లక్షలు. బ్యాంకులో 11 లక్షలు, నామినీ అన్న. చేబదులు బాకీ 3.5 లక్షలు. అమ్మీకి మహర్ (నికాలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) 50 వేలు ఇవ్వనే లేదు. "నా తర్వాత ఇల్లు అబ్బాయిదే" అని అబ్బా నలుగురి ముందూ అన్నారట. మమ్మల్నేమో "మాకొద్దు" అని చెప్పేయమంటున్నారు పెద్దలు. అసలు ఎవరికెంత?

జవాబు (ఫరాయిజ్_లెక్క):
వ అలైకుముస్సలాం చెల్లెమ్మా. ముందు తీసివేతలు, తర్వాతే పంపకం. కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు, ఆ పైన బాకీలు, ఆ పైన వసియ్యత్ (వీలునామా) ఉంటే అది (మిగిలినదాంట్లో మూడో వంతు దాటకూడదు), చివర్న వారసులు. మహర్ కూడా బాకీయే. చాలా ఇళ్లలో దాన్ని మర్చిపోతారు, లేదా జనాజా (శవం) దగ్గర ఏడుస్తున్న మనిషి చేత "మాఫ్ చేశా" అనిపిస్తారు. ఇల్లు, బ్యాంకు కలిపి 52, అందులో బాకీ, మహర్ కలిపి 4 తీస్తే 48 లక్షలు. అమ్మీ సొంత నగలు ఈ లెక్కలోకి తేవద్దు.

ఖురాన్‌లోని సూరా నిసా 11, 12 ఆయతుల (వాక్యాల) ప్రకారం, పిల్లలున్నారు కాబట్టి అమ్మీకి ఎనిమిదో వంతు, అబ్బా తల్లి గనుక దాదీకి ఆరో వంతు. మిగిలింది కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. మొత్తం 96 భాగాలు చేయండి, ఒక్కో భాగం 50 వేలు. అమ్మీకి 12 (6 లక్షలు), దాదీకి 16 (8 లక్షలు), అన్నకి 34 (17 లక్షలు), మీకు, చెల్లికి చెరో 17 (8.5 లక్షలు). మహర్‌తో కలిపి అమ్మీ చేతికి 6.5 లక్షలు.

జవాబు (హిబా_ఖబ్జా):
"నా తర్వాత" అన్నారంటే అది హిబా (బతికుండగానే ఇచ్చేసే బహుమతి) కాదు, వసియ్యత్. వారసుడికి చేసిన వసియ్యత్ మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది, ఆ ఒప్పుకోలు కూడా ఆయన పోయాకే చూడాలి. "ఇప్పుడే ఇచ్చేశా" అని ఉన్నా, ఖబ్జా (స్వాధీనం) అప్పగించాలి. చివరిదాకా ఇల్లు తన చేతిలోనే ఉంచుకుంటే హిబా పూర్తి కాలేదు.

నామినీ అంటే బ్యాంకు డబ్బు ఎవరి చేతికిస్తుందో ఆ మనిషి, అంతే. సొంతదారు కాడు. ఆ 11 లక్షలూ అందరివీ.

"మాకొద్దు" అని నోటితో అన్నంత మాత్రాన వాటా పోదు. నిజంగా ఇవ్వాలనుకుంటే వాటా చేతికి తీసుకుని ఆ తర్వాత ఇవ్వండి. లేదా ఒప్పుకున్న మొత్తం తీసుకుని తప్పుకోండి, దాన్నే తఖారుజ్ అంటారు. మొహమాటానికి అన్న మాటను ఇష్టంగా చెప్పిన మాటగా లెక్కేయకూడదు.

జవాబు (దస్తావేజు_పని):
అన్న, అమ్మీ ఇంట్లోనే ఉంటామంటే లెక్క ఇలా కుదురుతుంది. బాకీలు పోను బ్యాంకులో 7 లక్షలు మిగులుతాయి. దాదీకి, మీ ఇద్దరికి కలిపి రావాల్సింది 25 లక్షలు. ఆ 7 ముందు ఇచ్చేస్తే, ఇల్లు ఉంచుకున్నవాళ్లు ఇవ్వాల్సింది ఇంకా 18. వాయిదాలైతే తేదీలు వేసి రాయించుకోండి. ఇంటి ధర రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ మీద కట్టనివ్వకండి, బజారు రేటే పట్టండి. గొడవ మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకోండి, అందులో దాదీ పేరు తప్పిపోకుండా చూడండి. ఇంటి హక్కు వదులుకునే పత్రం తెల్ల కాగితం మీద చెల్లదు, రిజిస్టర్ కావాలి.

గుంటూరు_బిడ్డ:
జజాకల్లాహ్. ఒకటి మర్చిపోయా. చిన్నన్న అబ్బా కంటే ముందే పోయాడు, వాడికో బాబు ఉన్నాడు. వాడికేమీ రాదా?

ఫరాయిజ్_లెక్క:
కొడుకు బతికి ఉండగా మనవడికి వారసత్వం రాదు. మీ అబ్బా వసియ్యత్ చేసి ఉంటే మూడో వంతు దాకా ఇవ్వొచ్చు, ఇలాంటి బిడ్డల కోసమే ఆ దారి. ఇప్పుడు మీరంతా ఇష్టపడి మీ వాటాల్లోంచి ఇవ్వచ్చు. పంపకం వేళ వచ్చిన బంధువులకు, అనాథలకు కొంత ఇవ్వమని అదే సూరా 8వ ఆయతులో ఉంది. ఎవరి వాటా వాళ్లే తీయాలి, ఒకరి తరఫున ఇంకొకరు కాదు.

ఇంకోటి, ఆలస్యం చేయకండి. పంచకముందే దాదీ పోతే ఆమె 16 భాగాలు ఆమె వారసులకు వెళ్తాయి. అంటే మీ చాచాలు (బాబాయిలు), ఫుప్ఫీలు (మేనత్తలు) కూడా ఈ ఇంట్లో వాటాదారులవుతారు. దాన్ని మునాసఖా అంటారు, అప్పుడు 96తో లెక్క తేలదు. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి హైదరాబాద్‌లోని జామియా నిజామియా మదర్సా లాంటి చోట ఫత్వా (ధర్మశాస్త్ర అభిప్రాయం) అడిగి తెచ్చుకోండి. పెద్దల ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడు అది చేతిలో ఉండాలి.