జీతం 18 వేలే అంటున్నాడు, ఎఫ్‌డీలు 40 లక్షలున్నాయి. పాపకి మనోవర్తి దేన్ని చూసి వేస్తారు?

ఖమ్మం_అమ్మ:
అందరికీ నమస్కారం. కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. నేనూ మా ఆయనా విడిగా ఉండబట్టి ఏడాదిన్నర అయింది, విడాకులు కాలేదు. పాపకి ఏడేళ్లు, నాతోనే ఉంటుంది, మా అమ్మావాళ్లింట్లో ఉంటున్నాం. ఆయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు, నెలకి లక్షా పదివేలు చేతికొచ్చేవి. విడిపోయిన నాలుగు నెలలకే అది మానేసి సూర్యాపేటలో వాళ్ల బాబాయి కొడుకు ఎలక్ట్రికల్ షాపులో లెక్కలు చూసుకుంటున్నాడు. పెద్దమనుషులతో కబురు పెడితే "నా జీతమే 18 వేలు, నేను తినాలా మీకు పంపాలా, మూడు వేలకి మించి నావల్ల కాదు" అన్నాడట. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్ని, నాకు 19 వేలు. "లెక్క ప్రకారం నువ్వే నాకివ్వాలి" అని వెటకారం కూడా. పాప స్కూలు ఫీజే ఏడాదికి 52 వేలు, ఆటో, బట్టలు, జ్వరాలు వేరే. కానీ ఆయన పేరు మీద 40 లక్షల దాకా ఎఫ్‌డీలున్నాయి, కలిసున్నప్పుడు ఆ కాగితాలు ఫైల్లో పెట్టిందే నేను. షాద్‌నగర్ వైపు 200 గజాల ప్లాటు కూడా ఉంది. కోర్టు జీతం స్లిప్పు ఒక్కటే చూస్తుందా, దాచుకున్నది కూడా చూస్తుందా? ఇంకా కేసు వేయలేదు. ఆ ఆలోచనకే టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

నల్లకోటు:
అమ్మా, ముందు ఒక మాట. చట్టంలో "జీతం" అని లేదు. మనోవర్తి సెక్షన్ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 125, 2024 జులై 1 నుంచి దాని బదులొచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144, రెండింటిలోనూ ఉన్నది "తగినంత స్థోమత ఉన్న వ్యక్తి" అనే. స్థోమతలో జీతం ఒక భాగమే. 2020 నవంబర్‌లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు, మెయింటెనెన్స్ కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అన్నీ చూపిస్తూ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే పత్రం) వేయాలని చెప్పింది. ఎఫ్‌డీలు, ప్లాట్లు, షేర్లు, ఇన్సూరెన్స్ అన్నీ అందులో రాయాల్సిందే. మీవి కూడా రాయాలి, బంగారంతో సహా, అక్కడ దాపరికం వద్దు.

ఇప్పుడు లెక్క చూడండి. 40 లక్షలకి 7 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 2 లక్షల 80 వేలు, అంటే నెలకి 23 వేల పైచిలుకు. ఆయన చూపించే జీతం కన్నా వడ్డీయే ఎక్కువ! అలాగని 40 లక్షల్లో సగం పాపకి రాసిమ్మని కోర్టు అనదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. వడ్డీ ఎంత, ఇంతకుముందు ఎంత సంపాదించేవాడు, ఇప్పుడు ఎంత సంపాదించగలడు, కలిసున్నప్పుడు పాప ఎలా పెరిగింది, ఇవన్నీ చూస్తుంది. మీ జీతం కూడా లెక్కలోకి వస్తుంది, కానీ మీకు జీతం ఉన్నంత మాత్రాన తండ్రి బాధ్యత పోదు. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందేనని 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఇక "జీతంలో 25 శాతం" అని యూట్యూబ్‌లో చెప్తుంటారు. అది 2017 నాటి ఒక తీర్పులో భార్య భరణం గురించి అన్న మాట, పిల్లల ఖర్చుకి అదే సూత్రం కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంకా కేసు వేయలేదన్నారే, అదే మీకు నష్టం. డబ్బు లెక్క మామూలుగా పిటిషన్ వేసిన తేదీ నుంచే మొదలవుతుంది. పోయిన ఏడాదిన్నర ఈ కేసులో తిరిగి రావడం కష్టం. మీరుండే ఊళ్లోనే వేయొచ్చు, సూర్యాపేట తిరగక్కర్లేదు. లాయర్ ఫీజు భారమనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితం. 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

వాయిదాల_వరలక్ష్మి:
చెల్లెమ్మా, నేను మూడేళ్లు తిరిగినదాన్ని, నా మాట విను. ఎఫ్‌డీ కాగితాలు ఫైల్లో పెట్టానన్నావు, ఫొటోలు తీశావా? అది చెప్పు ముందు. మా వాడు అఫిడవిట్‌లో ఒకే ఒక్క బ్యాంకు ఖాతా రాశాడు, అందులో 11 వేలు. నా దగ్గర పాత రసీదు జిరాక్స్ ఉంది కాబట్టి క్రాస్‌లో (కోర్టులో ఆయన్ని ప్రశ్నలడిగేటప్పుడు) మా లాయర్ ఆ నంబర్ చదివి వినిపించింది, ఆయన మొహం చూడాలి నువ్వు. బ్యాంకు పేరు, బ్రాంచి తెలిసినా చాలు, స్టేట్‌మెంట్లు తెప్పించమని కోర్టుని అడగొచ్చు. ఐటీ రిటర్నులు, వడ్డీ కనపడే ఏఐఎస్ (ఐటీ శాఖ ఇచ్చే ఏడాది ఆదాయ వివరాల పత్రం) కూడా అడగమను. కానీ పాత పాస్‌వర్డ్ తెలుసు కదా అని ఆయన నెట్ బ్యాంకింగ్‌లోకి మాత్రం వెళ్లకు, మళ్లీ నీ మీదే కేసు పెడతారు.

ఖమ్మం_అమ్మ:
అక్కా, ఫొటోలు పాత ఫోన్లో ఉండాలి, వెతుకుతా. ఇంకో భయం. ప్లాటు వాళ్లమ్మ పేరు మీదకి మార్చేస్తున్నాడని వాళ్ల బంధువులే చెప్పారు.

పాత_టెకీ:
ఇక్కడ భర్తల పక్కన నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటా, తిట్టినా పర్లేదు. నా ఉద్యోగం నిజంగానే పోయింది. పీఎఫ్, ఫ్లాట్ అమ్మిన డబ్బు కలిపి 22 లక్షలుండేవి, ఏడాది పాటు దాంట్లోంచే తిన్నాను. దాచుకున్నవాడల్లా దొంగ కాదండీ. నేను మొదటి వాయిదాకే అన్నీ రాసిచ్చాను, ఇంటర్వ్యూలకి వెళ్లిన మెయిల్స్‌తో సహా. బాబుకి నెలకి 9 వేలు, పైగా స్కూలు ఫీజు నేనే నేరుగా కట్టేలా రాజీ అయ్యాం, 6 లక్షలు వాడి పేరున డిపాజిట్ చేశాను. మళ్లీ ఉద్యోగం వచ్చాక ఆవిడ పెంచమని అడిగింది, పెంచారు. మీ ఆయన కేసు వేరేలా ఉంది, నాలుగు నెలలకే, అదీ బాబాయి కొడుకు షాపులో అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అయినా డబ్బు రూపంలో గట్టిగా ఉన్నది కొంత పాప పేరున వేయించుకుంటే, నెల నెలా వెంటపడటం తగ్గుతుంది, ఆలోచించండి.

నల్లకోటు:
టెకీ గారు చెప్పింది మంచి దారే, అయితే ఆ రాజీ కోర్టులో రికార్డు కావాలి. పెద్దమనుషుల దగ్గర "పాపకి ఇక ఏమీ అక్కర్లేదు" అని మాత్రం సంతకం పెట్టకండి.

ప్లాటు సంగతి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఇవాళే ఈసీ (ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్) తీసి ఉంచండి, ఎవరి పేరుందో, ఏ తేదీన మారిందో తెలుస్తుంది. ఉత్తినే గిఫ్ట్ డీడ్ రాసేస్తే మీ హక్కు గాల్లో కలిసిపోదు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 28వ సెక్షన్ ప్రకారం మనోవర్తి హక్కుని ఉచితంగా పుచ్చుకున్నవాళ్ల మీద కూడా నడపొచ్చు, డబ్బిచ్చి కొన్నవాళ్లయితే వాళ్లకి ఆ హక్కు సంగతి తెలిసి ఉండాలి. ఆ చట్టం కిందా వేయాలా అన్నది మీ లాయర్‌తో మాట్లాడండి. ఆర్డర్ వచ్చాక డబ్బు ఆపితే నోరు మూసుకుని కూర్చోవద్దు, ఏ నెలది ఆగితే ఆ తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలి. ఏడాది దాటిన బకాయికి 144 సెక్షన్ కింద వారెంట్ రాదు.

ఖమ్మం_అమ్మ:
పాత ఫోన్లో రెండు రసీదులు దొరికాయి, ఒకటి 15 లక్షలది, ఒకటి 8 లక్షలది. బ్యాంకు పేరు, నంబర్ స్పష్టంగా ఉన్నాయి. మిగతావి దొరకలేదు. ఈసీ తీశాను, ప్లాటు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. సోమవారం స్కూలుకి సెలవు పెట్టి న్యాయ సేవాధికార సంస్థకి వెళ్తున్నా, మా తమ్ముడు తోడొస్తానన్నాడు.

వాయిదాల_వరలక్ష్మి:
ఆ ఫొటోలు మీ తమ్ముడి ఫోన్లోకి కూడా పంపి పెట్టు.