కిడాంబి శ్రీకాంత్ సింగిల్స్ ప్రస్థానాన్ని అసంపూర్ణమనడం న్యాయమేనా?

గుంటూరు నుంచి (చర్చ ప్రారంభం):
మా షటిల్ కోర్టు దగ్గర ఒక పెద్దాయన, ఒలింపిక్ పతకం లేదు కాబట్టి శ్రీకాంత్ తన ప్రతిభకు తగినంత సాధించలేదని తేల్చేశారు. నాకు అది ఎంతమాత్రమూ సమ్మతం కాదు. డబుల్స్ ఆడుతున్న కుర్రవాణ్ణి కోచ్ గోపీచంద్ గారు సింగిల్స్ వైపు మళ్ళించగా, అతడు 2014 చైనా ఓపెన్ ఫైనల్లో చైనా దిగ్గజం లిన్ డాన్‌ను ఆయన సొంత గడ్డ మీదే 21-19, 21-17తో ఓడించాడు. 2017లో ఇండోనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. దీన్ని సగం పని అనడానికి మనసెలా ఒప్పుతుంది?

వరంగల్ నుంచి:
మీ అభిమానాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. 2017 అక్టోబరులో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన ఆటగాడు, 2025 మలేసియా మాస్టర్స్ ఫైనల్లో లి షిఫెంగ్ చేతిలో ఓడేనాటికి కూడా, 2018లో సూపర్ సిరీస్ స్థానంలో వచ్చిన వరల్డ్ టూర్‌లో టైటిల్ ఒక్కటీ అందుకోలేదు. 2021లో స్పెయిన్‌లోని ఉయెల్వాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చూడండి. అంత దూరం వెళ్ళిన తొలి భారత పురుషుడు అతడే, కాదనను. కానీ మొదటి గేమ్‌లో 9-3 ఆధిక్యంలో ఉండి కూడా, ర్యాలీని ఓపికగా సాగనివ్వకుండా తొందరపడి పాయింట్లు వదులుకుని, సింగపూర్ ఆటగాడు లో కీన్ యూకు 21-15తో గేమ్ అప్పగించాడు. రెండో గేమ్ 20-20 దాకా వచ్చి 22-20తో చేజారింది. నెట్ దగ్గర అంత మెత్తగా, వెనుక నుంచి అంత పదునుగా కొట్టగల చేయి గెలవవలసిన ఆట అది. అతని మీద ఆశ పెట్టుకున్నాను కాబట్టే నాకు ఆ బాధ.

హైదరాబాద్ నుంచి:
శరీరం సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2017 చివర నాగపూర్‌లో జాతీయ పోటీలు ఆడుతూ కాలికి గాయం చేసుకుని చైనా ఓపెన్‌కు దూరమయ్యాడు. 2018 నుంచేమో మొదటి 15 ర్యాంకుల్లోని సింగిల్స్ ఆటగాళ్ళు ఏడాదికి కనీసం 12 టోర్నీలు ఆడి తీరాలన్న నిబంధన వచ్చింది. దూకి స్మాష్ కొట్టడం మీదే ఆటంతా నిలబడిన వాడికి మోకాలు మొరాయిస్తే, కోలుకునే వ్యవధి ఎక్కడ దొరుకుతుంది? టోక్యో ఒలింపిక్స్ విషయంలోనూ అంతే. అర్హతకు మిగిలిన పోటీలు కోవిడ్ వల్ల ఆగిపోవడంతో ఆడి సాధించుకునే అవకాశమే లేకపోయింది. దాన్ని అతని ఖాతాలో వైఫల్యంగా రాయడం నా దృష్టిలో అన్యాయం.

వరంగల్ నుంచి:
టోక్యో మాటకు ఒప్పుకుంటున్నాను. ఉయెల్వా మాటను మాత్రం వెనక్కి తీసుకోను.

గుంటూరు నుంచి:
తీసుకోనక్కరలేదు. అయితే ఉయెల్వా తరువాత ఐదు నెలలకే, 2022 మేలో బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ (పురుషుల జట్ల ప్రపంచ పోటీ) ఫైనల్‌ను పక్కన పెట్టి తీర్పు చెప్పవద్దని నా మనవి. భారత్ 2-0తో ముందుండి, ఇంకొక్క విజయంతో కప్పు దక్కే దశలో ఇండోనేసియా ఆటగాడు జొనాటన్ క్రిస్టీతో ఆడుతూ, రెండో గేమ్ మళ్ళీ 20 దాటి నువ్వా నేనా అన్నట్టు సాగినప్పుడు, ఈసారి 23-21తో ముగించింది శ్రీకాంతే. ఆ టోర్నీలో అతడు ఆరు మ్యాచ్‌లు ఆడి ఆరూ గెలిచాడు. చివరి పాయింట్ పడగానే జట్టంతా కోర్టు మీదికి పరుగెత్తి అతణ్ణి చుట్టుకుంది.