టర్బియం మాంగనైట్: 42 కెల్విన్ దగ్గర మెట్టు స్పిన్లదా, మలినానిదా?

బెజవాడ_పెల్లెట్:
టర్బియం మాంగనైట్ పొడి, 100 ఓయర్‌స్టెడ్ అయస్కాంత ఫీల్డ్. 42 కెల్విన్ దగ్గర మాగ్నెటైజేషన్ ఒక్కసారిగా లేస్తోంది, జెడ్‌ఎఫ్‌సీ-ఎఫ్‌సీ (ఫీల్డ్ లేకుండా, ఫీల్డ్‌తో చల్లార్చి కొలిచిన) గీతలు అక్కడే విడిపోతున్నాయి. నీల్ ఉష్ణోగ్రత (స్పిన్లు, అంటే అయాన్ల చిన్న అయస్కాంతాలు, ఎదురెదురుగా అమరడం మొదలయ్యే చోటు) 41 కదా, అదేనంటారా?

గుంటూరు_కొలిమి:
కాదండీ. అది ఎంఎన్3ఓ4, అంటే హాస్‌మనైట్ అనే మాంగనీస్ ఆక్సైడ్ మలినం. 42లో ఫెర్రీమాగ్నెట్ (నికర మాగ్నెటైజేషన్ మిగిలేది) అవుతుంది, ఒక శాతం ఉన్నా తక్కువ ఫీల్డ్‌లో అదే కనిపిస్తుంది. మీ పదార్థంలో 41 దగ్గర మాంగనీస్ స్పిన్లు సైన్ తరంగంలా అమరుతాయి, 28 కిందికి దిగాకే స్పైరల్. రెండింటికీ నికర మాగ్నెటైజేషన్ లేదు. పైగా టర్బియం అయాన్ మొమెంట్ 9.7 బోర్ మాగ్నెటాన్లు. దాని ముందు పొడి కొలతలో 41 దాదాపు ఆనదు. ఇంత మెట్టు కనబడిందంటేనే అనుమానించాలి.

బెజవాడ_పెల్లెట్:
ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) అదనపు పీక్ ఒక్కటీ లేదే!

గుంటూరు_కొలిమి:
మామూలు స్కాన్‌లో ఒక శాతం బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతుంది. కాపర్ కె-ఆల్ఫా ఎక్స్‌రేతో 35.5 నుంచి 36.7 డిగ్రీలు, 0.01 స్టెప్, స్టెప్‌కి 10 సెకన్లు పెట్టి స్కాన్ చేయండి. ఇరవై నిమిషాల పని. హాస్‌మనైట్ పెద్ద పీక్ 36.1 దగ్గర, మీ పదార్థానివి 35.1, 37.2 దగ్గర. మధ్యలో దాక్కునే చోటు లేదు.

హీలియం_పర్జ్:
ఆక్సిజన్‌నీ చూడండి. ఛాంబర్‌లో గాలి మిగిలితే ఘన ఆక్సిజన్ 43.8 కెల్విన్‌లో రూపం మారుతుంది, అక్కడా బంప్ రావచ్చు. హీలియంతో మూడుసార్లు పర్జ్ చేసి, 1 టెస్లాలో 5 కెల్విన్‌కి చల్లార్చి, ఫీల్డ్ తీసేసి వేడిచేయండి. మిగిలిన మాగ్నెటైజేషన్ 42 దగ్గర పడిపోతే హాస్‌మనైటే. ఆక్సిజన్‌కి అలా మిగిలేది (రెమనెన్స్) ఉండదు. ఫీల్డ్‌ని ఆసిలేట్ మోడ్‌లో, అటూ ఇటూ ఊపుతూ దించాలి, లేకపోతే మాగ్నెట్‌లో ఎంతోకొంత మిగిలి మోసం చేస్తుంది.

బెజవాడ_పెల్లెట్:
హాస్‌మనైటే అయితే తప్పు తూకంలోనా?

గుంటూరు_కొలిమి:
ఎక్కువగా అక్కడే. 5 గ్రాములకి టీబీ4ఓ7 (టర్బియం ఆక్సైడ్) 3.569, ఎంఎన్2ఓ3 (మాంగనీస్ ఆక్సైడ్) 1.507 గ్రాములు. వానాకాలం మన కృష్ణ ఒడ్డు గాలికి టర్బియం ఆక్సైడ్ తేమ పీలుస్తుంది. కాటా అంకె సరిగ్గానే ఉంటుంది, టర్బియం మాత్రం తగ్గుతుంది. మిగిలిపోయిన మాంగనీస్ వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటాక హాస్‌మనైట్ అవుతుంది. టర్బియం ఆక్సైడ్‌ని రాత్రంతా 900లో కాల్చి, గాలిలో నెమ్మదిగా దించి, 200 దగ్గర తీసి డెసికేటర్‌లో (తేమ చొరబడని పాత్ర) పెట్టి, చల్లారగానే తూయండి.

బెజవాడ_పెల్లెట్:
ఉన్న పొడి పారేయాలా?

గుంటూరు_కొలిమి:
ఎందుకండీ! ఎక్స్‌ఆర్‌డీ డేటాని రీట్‌వెల్డ్ పద్ధతిలో విశ్లేషించి హాస్‌మనైట్ శాతం తేల్చుకోండి. 0.05 గ్రాముల హాస్‌మనైట్‌కి 0.123 గ్రాముల టీబీ4ఓ7 కలిపి, ఎసిటోన్‌లో నూరి, పెల్లెట్ కొట్టి 1350లో మళ్ళీ కాల్చండి.

హీలియం_పర్జ్:
41, 28 చూపాలంటే స్పెసిఫిక్ హీట్ చేయించండి, 7 దగ్గర టర్బియం పీక్ కూడా వస్తుంది. పేపర్‌లో స్పైరల్ అని రాయాలంటే మాత్రం న్యూట్రాన్ డేటా కావాలి. మన దేశంలో అయితే ముంబై ట్రాంబేలోని ధ్రువ పరిశోధన రియాక్టర్‌లో అడగండి.