అడీనియం మొదలు మెత్తబడింది, కోసెయ్యాలా?

మాది పర్లాకిమిడి. డాబా మీద కుండీలో పెంచుతున్న అడీనియం (ఎడారి గులాబీ) మొక్క గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. నర్సరీ ఆయన ఇది సొకోట్రా రకమని చెప్పి ధర కూడా అలాగే గుంజాడు. అసలు ఆ రకం అరేబియా సముద్రంలో యెమెన్‌కు చెందిన సొకోట్రా దీవిది. మట్టి ఉందా లేదా అన్నట్టుండే బండరాళ్ల మధ్య, లావుపాటి మొదట్లో నీళ్లు దాచుకుని బతుకుతుంది. మరి మా ఊళ్లో జూన్ నుంచి అక్టోబరు దాకా వానలే, పైగా తుఫానులు!

ఈమధ్య ఆకులు పసుపెక్కి రాలుతుంటే వానాకాలం కదా అని ఊరుకున్నాం. నిన్న బొటనవేలితో నొక్కి చూస్తే మొదలు ఒక పక్క మెత్తగా లోపలికి దిగింది. గోటితో గీకితే గోధుమరంగు నీరు కారింది, కొంచెం వాసన కూడా. రెండో పక్క మాత్రం రాయిలా ఉంది. మట్టిలో ఇసుక, ఇటుక ముక్కలు, కొద్దిగా మేకల ఎరువు ఉన్నాయి. (గన్నేరు కుటుంబమే, పాలు విషం కాబట్టి మేకల బెడద మాత్రం లేదు.)

కుళ్లినంత మేర కోసి, సాఫ్ అనే బూజు తెగుళ్ల మందు పొడి రాసి, నీడలో ఆరబెట్టమని ఒకాయన అన్నారు. ఈ తేమలో కోసిన చోటు ఆరుతుందా? ఎన్నాళ్లు ఆగి మళ్లీ నాటాలి? అలాగే, థాయ్ సోకో పేరుతో అమ్మేవాటికీ అసలు సొకోట్రా రకానికీ తేడా ఆకు చూసి చెప్పొచ్చా? బరంపురం, గుణుపురం వైపు పెంచేవాళ్లుంటే వానాకాలంలో ఎక్కడ పెడుతున్నారో కూడా చెప్పండి.