ఫ్రాన్స్‌లో ఇంగ్లీష్‌తోనే నెట్టుకొస్తున్నవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

కొత్తకాపు_తూలూజ్

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి తూలూజ్ వచ్చి ఏడు నెలలైంది. విమానాల రంగంలో సాఫ్ట్‌వేర్ పని, మీటింగులన్నీ ఇంగ్లీష్‌లోనే, కాబట్టి ఇబ్బంది ఉండదనుకుని వచ్చాం. కానీ ఆఫీసు గేటు దాటితే ఇంగ్లీష్ అక్కడితో సరి. ఆఫీసులో కూడా మధ్యాహ్నం పన్నెండున్నరకి అందరం కలిసి క్యాంటీన్‌కి వెళ్తాం, కూర్చున్న రెండు నిమిషాలకి మాటలు ఫ్రెంచ్‌లోకి మారిపోతాయి, అందరూ నవ్వుతుంటారు, నేను ప్లేటు వైపు చూస్తూ తినేసి వస్తాను.

నా సంగతి పర్లేదు. మా ఆవిడ అక్కడ పదేళ్లు బ్యాంకులో పనిచేసిన మనిషి, కౌంటర్ ముందు ఎంతమంది గొడవపడినా బెదరలేదు, అలాంటిది ఇప్పుడు మందుల షాపుకి ఒక్కతే వెళ్లాలంటే భయపడుతోంది. పోయిన వారం బేకరీలో తన వంతు రాగానే "టూ బ్రెడ్స్ ప్లీజ్" అని అడిగిందట. కౌంటర్‌లో ఉన్నావిడ బ్రెడ్ తీయకుండా తన మొహంలోకి చూసి, నొక్కి "బోంజూర్" అందట. వెనకాల ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఇంటికొచ్చి ఏడ్చింది. మాకు ఇక్కడ ఇంకా రెండేళ్లుంది. మీరంతా ఎన్నాళ్లకి కుదుటపడ్డారు, ఏం చేశారు?

లియోన్_అక్క

తమ్ముడూ, ముందు మీ ఆవిడకి ఈ మాట చెప్పు: ఆ బేకరీ ఆవిడ కోపం ఇంగ్లీష్ మీద కాదు, బోంజూర్ (మన నమస్కారం లాంటిది) లేకుండా అడిగినందుకు. నేను వచ్చి పన్నెండేళ్లు, మొదటి ఏడాది నాకూ ఇదే జరిగింది. మనింటికి ఎవరైనా వచ్చి, పలకరించకుండా చెప్పులతో వంటింట్లోకి నడిచొచ్చి మంచినీళ్లు అడిగితే మనకెలా ఉంటుంది? వాళ్లకి అలా ఉంటుందన్నమాట. షాపులో అడుగు పెట్టగానే, బస్సెక్కగానే డ్రైవర్‌కి, లిఫ్టులో, చివరికి డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూములో కూర్చున్నవాళ్లందరికీ కూడా బోంజూర్ చెప్పాలి. సాయంత్రమైతే బోన్‌స్వార్. వచ్చేటప్పుడు మెర్సీ (థాంక్స్), ఓ రెవ్వార్ (వెళ్లొస్తా). ఇవి చెప్పాక "పార్లే వూ ఆంగ్లే?" (ఇంగ్లీష్ మాట్లాడతారా?) అని మెల్లగా అడిగితే చాలామంది వచ్చీరాని ఇంగ్లీష్‌తోనైనా సాయం చేస్తారు. నేరుగా ఇంగ్లీష్‌తో మొదలుపెడితే వచ్చినవాళ్లు కూడా రాదంటారు.

ఇంకోటి. ఇక్కడ "తు", "వూ" అని రెండున్నాయి, మన నువ్వు, మీరు లాగానే. మా ఆఫీసులో ఒక అమెరికన్ మేనేజర్ ఉండేవాడు, ఎవరిని తు అనాలో ఎవరిని వూ అనాలో తెలియక మూడేళ్లూ అవస్థ పడ్డాడు. మనకది పుట్టుకతో వచ్చింది. తెలియని వాళ్లని, పెద్దవాళ్లని వూ అను, వాళ్లే తు అనమన్నాక మారు, అంతే. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీష్ వాళ్ల కంటే మనం ముందున్నాం.

పరిశోధక_విద్యార్థి

నాకు భాషకంటే కాగితాలతోనే ఎక్కువ నరకం. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో ఉంది. మన దగ్గర చాలామందికి అంతే కదా. ఇక్కడ ఇంటిపేరు లేని మనిషిని ఏ కంప్యూటరూ ఒప్పుకోదు. బ్యాంకులో ఒకలా, యూనివర్సిటీలో ఇంకోలా, ఆరోగ్య బీమాలో మరోలా ఎక్కింది నా పేరు. మొదట తాత్కాలిక నంబరు ఇచ్చారు, అసలు నంబరు కోసం జనన ధృవీకరణ పత్రం పంపితే, అందులో మా నాన్న పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో కలవలేదని వెనక్కి వచ్చింది. కార్త్ విటాల్, అంటే ఆరోగ్య బీమా కార్డు, చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. అప్పటిదాకా డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మొత్తం డబ్బు కట్టి, వాళ్లిచ్చిన కాగితం పోస్టులో పంపి, ఎప్పుడు వెనక్కి వస్తాయా అని చూడడమే. విద్యార్థి స్టైపెండ్ మీద అది చిన్న విషయం కాదు.

ఇండియా నుంచి బయలుదేరేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, దయచేసి జనన ధృవీకరణ పత్రంలో పేర్లు పాస్‌పోర్టుతో కలిసేలా ముందే సరిచేయించుకోండి, అపోస్టిల్ (పత్రం అసలైనదని వేరే దేశాలు ఒప్పుకోవడానికి ప్రభుత్వం వేసే ముద్ర) కూడా అక్కడే వేయించుకోండి. అనువాదం మాత్రం ఇక్కడి కోర్టు గుర్తింపున్న అనువాదకుల దగ్గరే చేయించాలి, మనకి తెలిసినవాళ్లు చేసింది పనికిరాదు. కార్డు వచ్చాక ఒక డాక్టర్‌ని మీ సొంత డాక్టర్‌గా నమోదు చేసుకోండి, లేకపోతే 70 శాతం రావాల్సిన రీయింబర్స్‌మెంట్ 30 శాతానికి పడిపోతుంది. ఇది నాకెవరూ చెప్పలేదు.

వరంగల్_టు_పారిస్

ఇల్లు సంగతి ఎవరూ ఎత్తలేదేం? అన్నా, నేను నలభైకి పైగా ఇళ్లకి మెయిల్ పెట్టిన. ప్రతివాళ్లూ దోసియే అడుగుతారు, అంటే మూడు నెలల జీతం స్లిప్పులు, ఉద్యోగ ఒప్పందం, పోయినేడాది పన్ను నోటీసు, పైగా అద్దెకి మూడింతలు జీతముండాలి, ఫ్రాన్స్‌లోనే ఉండే హామీదారుడు కావాలి. నిన్నగాక మొన్న దిగినోడికి పోయినేడాది పన్ను నోటీసు ఎక్కడ్నుంచి వస్తది? బ్యాంకుకి పోతే ఇంటి చిరునామా రుజువు తెమ్మన్నరు, ఇంటి ఓనరేమో బ్యాంకు ఖాతా వివరాలు తెమ్మన్నడు. నెలన్నర ఫ్రెండు రూములో నేల మీద పడుకున్న.

ఓనర్ల భయం కూడా తర్వాత అర్థమైంది. ఇక్కడ నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా అద్దె కట్టకపోయినా కిరాయిదారుని ఖాళీ చేయించలేరు, చలికాలం కదా, చట్టమది. మామూలు రోజుల్లో కూడా కోర్టు చుట్టూ తిరగాలి. అందుకే ఇచ్చే ముందే అంత గట్టిగా చూస్తరు. 30 ఏళ్లలోపు వాళ్లు విసాల్ అనే హామీకి పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు, నాకు ఇల్లు దొరికింది దానివల్లే. బ్యాంకు ఖాతా ఇవ్వనంటే, కాదన్నట్టు కాగితం రాయించుకుని బాంక్ ద ఫ్రాన్స్‌కి పెట్టుకుంటే వాళ్లే ఒక బ్యాంకుని చూపిస్తరు, అది మన హక్కు.

యానాం_మనవడు

నేను ఇక్కడే పుట్టి పెరిగాను, పారిస్ శివార్లలో. మా తాతగారిది యానాం. 1954లో యానాం భారత్ చేతికొచ్చింది, 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చాక ఎవరు ఏ దేశ పౌరులుగా ఉండాలో ఎంచుకోమన్నారు, తాతగారు ఫ్రెంచ్ పౌరసత్వం ఉంచుకున్నారు. అలా వచ్చాం. ఇంట్లో గోదావరి తెలుగు, బయట ఫ్రెంచ్, ఇంగ్లీష్ మాత్రం బడిలో నేర్చుకున్నదే. అందుకే అవతలి వైపు నుంచి ఒక మాట చెబుతాను.

మీరు ఫ్రెంచ్ మాట్లాడితే మధ్యలో ఆపి తప్పు సరిదిద్దుతారు కదా, అది వెక్కిరింత కాదండి. ఇక్కడ బడిలో చిన్నప్పటి నుంచి డిక్టేషన్ రాయించి ప్రతి తప్పుకీ మార్కులు తీసేస్తారు, మమ్మల్నీ అలాగే పెంచారు. ఇంగ్లీష్‌లో తప్పు మాట్లాడతామేమోనన్న సిగ్గు మా క్లాసులో అందరికీ ఉండేది. మీ క్యాంటీన్ వాళ్లది కూడా చాలావరకు ఆ సిగ్గే అనుకుంటున్నాను, ఆఫీసు విషయాలు ఇంగ్లీష్‌లో చెప్పగలరు గానీ కబుర్లు, హాస్యం వేరు కదా. పక్కన కూర్చున్న ఒక్కరితో "నెమ్మదిగా మాట్లాడండి, నేర్చుకుంటున్నాను" అని ఫ్రెంచ్‌లో చెప్పి చూడండి. బల్ల మొత్తాన్నీ మార్చక్కర్లేదు, ఒక్కరు చాలు.

సెలవుకార్డు_బాధితురాలు

బోంజూర్ విషయంలో అక్క చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను. కానీ అంతా మనం నేర్చుకోకపోవడం వల్లే అన్నట్టు మాట్లాడకండి, నాకు బాధగా ఉంది. నేను ఫ్రెంచ్‌లో బి1 (మధ్యస్థాయి పరీక్ష) పాసయ్యాను, ఫ్రెంచ్‌లోనే మెయిళ్లు రాస్తాను. నివాస కార్డు రెన్యువల్‌కి గడువు కంటే మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెట్టాను. ప్రిఫెక్చర్ (ఈ కార్డులిచ్చే ప్రభుత్వ ఆఫీసు) నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. కార్డు గడువైపోయింది, దాని బదులు ఇవ్వాల్సిన తాత్కాలిక కాగితం కూడా రాలేదు. హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, రెండు వారాల్లో కాగితం చూపించకపోతే జీతం లేకుండా ఆపేయాల్సి వస్తుందన్నారు. ఫోను ఎత్తరు, నేరుగా వెళ్తే అపాయింట్‌మెంట్ లేదని సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు, అపాయింట్‌మెంట్ కోసం సైటు తెరిస్తే ఖాళీలు లేవు. ఆ నెలలోనే ఏలూరులో మా చెల్లి పెళ్లి. వెళ్తే మళ్లీ లోపలికి రానిస్తారన్న నమ్మకం లేదు. ఫోనులో చూశాను పెళ్లి, ఆఫీసు బాత్రూములో నిలబడి. దీనికి ఏ భాష నేర్చుకోవాలి?

చివరికి దారి చూపించింది మా ఊళ్లో ప్రభుత్వ కాగితాల పనుల్లో జనానికి సాయం చేసే ఫ్రాన్స్ సర్వీసెస్ కేంద్రంలో పనిచేసే ఒక పెద్దావిడ. కాగితాలన్నీ వరసగా పెట్టించి, దెఫాన్సర్ దె ద్రువా ప్రతినిధి దగ్గరికి పంపింది. ప్రభుత్వ ఆఫీసుల మీద ఫిర్యాదులు చూసే సంస్థ అది, డబ్బు కట్టక్కర్లేదు. పది రోజుల్లో తాత్కాలిక కాగితం వచ్చింది. దానికీ పలకకపోతే పాలనా కోర్టులో అత్యవసర పిటిషన్ వేయొచ్చు, మా కొలీగ్ అలాగే తెచ్చుకున్నాడు. మూడో నెలలోనే ఎవరైనా నాకిది చెప్పి ఉంటే చెల్లి పెళ్లికి వెళ్లేదాన్ని.

లియోన్_అక్క

అమ్మా, నీ పోస్ట్ చదివి గుండె బరువెక్కింది. నువ్వన్నది న్యాయమే, ఆ తప్పు నీది కాదు. ఇంగ్లండ్ వాళ్లు, అమెరికా వాళ్లు కూడా ఈ కార్డుల దగ్గర ఏడుస్తూనే ఉన్నారు, బ్రెగ్జిట్ తర్వాత మా పక్కింటి బ్రిటిష్ ముసలాయన కూడా మొదటిసారి ఆ లైనులో నిలబడ్డాడు.

కొత్తకాపు_తూలూజ్

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి మా ఆవిడ, నేను కూర్చుని మొత్తం చదివాం. 2026 జనవరి నుంచి నివాస కార్డులకి భాష పరీక్ష పెట్టారని విన్నాను, మాకూ వర్తిస్తుందా? ఇంకా శాకాహారం సంగతి కూడా, మొన్న సలాడ్ తెప్పిస్తే అందులో పంది మాంసం ముక్కలున్నాయి.

వరంగల్_టు_పారిస్

సలాడ్‌లో "లార్దాన్" అని రాసుంటే అదే అన్నా, ముందే అడుగు. వెజిటేరియన్ అంటే చేపలు తెచ్చి పెట్టేవాళ్లు కూడా ఉన్నరు, చేప కూడా తినను అని విడిగా చెప్పాలె. పారిస్ వచ్చినప్పుడు గార్ దు నోర్ స్టేషన్ దగ్గర లా షాపెల్‌కి పో, శ్రీలంక తమిళుల కొట్లు, కరివేపాకు, మునక్కాయలు అన్నీ దొరుకుతయి.

సెలవుకార్డు_బాధితురాలు

పరీక్ష సంగతి: 2024 జనవరి చట్టం అది. కొన్నేళ్లకి కలిపి ఇచ్చే మల్టీ ఇయర్ కార్డు మొదటిసారి తీసుకునే చాలామందికి ఏ2 (బి1 కంటే కింది స్థాయి), పదేళ్ల కార్డుకి బి1, పౌరసత్వానికి బి2 కావాలి. మీది ఏ రకం కార్డో దాన్నిబట్టి ఉంటుంది, మీ కార్డు మీద రాసున్న పేరు చూసి ప్రభుత్వ సైటులోనే సరిచూసుకోండి. పరీక్ష ఉన్నా లేకపోయినా మీ ఆవిడని క్లాసులో చేర్పించండి. మీ వాడలో సాంఘిక కేంద్రం ఉంటుంది, అలాంటి చోట్ల తక్కువ ఫీజుకో, ఉచితంగానో చెబుతారు. నాకు మొదటి స్నేహితురాలు అక్కడే దొరికింది, బ్రెజిల్ అమ్మాయి. ఇద్దరం తప్పుల ఫ్రెంచ్‌లోనే గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం.

కొత్తకాపు_తూలూజ్

వారం తర్వాత మళ్లీ వస్తున్నా. మంగళవారం, శుక్రవారం క్లాసులు దొరికాయి, తను చేరింది. నేను యానాం గారు చెప్పినట్టు పక్కన కూర్చునే కొలీగ్‌తో చెప్పాను. అతను ఆశ్చర్యపోయి, నాకు ఇంగ్లీష్‌లోనే సౌకర్యంగా ఉంటుందేమో అనుకున్నానన్నాడు! శనివారం సాయంత్రం ఏడున్నరకి ఇద్దర్నీ ఇంటికి అపెరోకి, అంటే భోజనానికి ముందు డ్రింకులు, చిరుతిళ్లతో కబుర్లకి, పిలిచాడు. మొదటిసారి ఒక ఫ్రెంచ్ ఇంటికి వెళ్తున్నాం. ఏం తీసుకెళ్లాలి, ఎన్నింటికి వెళ్లాలి?

యానాం_మనవడు

సంతోషమండి! పూలో, స్వీట్లో, మీరు చేసిన పకోడీలైనా పర్లేదు, మందు తాగకపోతే జ్యూస్ అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఏడున్నర అన్నారు కాబట్టి ఏడూ నలభై, నలభై ఐదు మధ్యలో బెల్లు కొట్టండి. ఏడున్నర కంటే ముందు మాత్రం వెళ్లకండి, వాళ్లింకా వంటింట్లో ఉంటారు.